డాక్టరు గారికీ ఒక సర్వీసు రిజిస్టరు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనకు నకారా కేసు గుర్తుకు వస్తుంది. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు, పెన్షన్ అనేది యజమాని దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అని తీర్పు చెప్పింది. ఏటా ఈ సభలో కరువు భృతి గురించి, బకాయిల గురించి, మెడికల్ రీయింబర్స్‌మెంటు బిల్లుల గురించి మాట్లాడుకుంటూ ఉంటాం. ఈసారి కార్యదర్శి గారు "ఆరోగ్యం మీద ఒక అరగంట మాట్లాడండి" అని నన్ను ఆదేశించారు. నేను డాక్టరును కాను. లోకల్ ఫండ్ ఆడిట్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. మందుల గురించి, పథ్యం గురించి చెప్పే అర్హత నాకు లేదు. నాకు తెలిసిందల్లా కాగితాలు తనిఖీ చేయడం. అందుచేత, మనల్ని కోసి కుట్టే డాక్టర్ల కాగితాలను ఎవరు తనిఖీ చేస్తారు, ఎలా చేస్తారు, చేయకపోతే ఏమవుతుంది అన్న విషయాన్ని ఎంచుకున్నాను.

ఒక్క రోజు ఆపరేషన్లు

మన వయసు వాళ్ళకు అవసరమయ్యే ఆపరేషన్లు ఇప్పుడు చాలావరకు ఒక్క రోజులో అయిపోతున్నాయి. కంటి శుక్లం, హెర్నియా, మొలలు, కడుపులోకి గొట్టం పంపి చూసే ఎండోస్కోపీ, మోకాలి కీలులోకి గొట్టం పంపి చేసే ఆర్త్రోస్కోపీ, ఇలాంటివన్నీ. మన నాన్నల కాలంలో శుక్లం తీస్తే కంటికి కట్టు కట్టి, తల కదలకుండా రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టి, రోజుల తరబడి పడుకోబెట్టేవారు. ఇప్పుడు ఉదయం ఆటోలో వెళ్ళి, సాయంత్రం నల్లద్దాలు పెట్టుకుని అదే ఆటోలో ఇంటికి వచ్చేస్తున్నాం. ఇన్సూరెన్సు కంపెనీలు కూడా 24 గంటలు ఆసుపత్రిలో ఉండనక్కరలేని వీటిని డే కేర్ చికిత్సలని పేరుపెట్టి ఒప్పుకుంటున్నాయి. ఖర్చు తగ్గింది, ఆసుపత్రిలో పడుకుంటే అంటుకునే జబ్బుల భయమూ తగ్గింది. నేను దీనికి వ్యతిరేకిని కాను.

కాని ఒక్క విషయం గమనించండి. పెద్ద ఆసుపత్రిలో సూపరింటెండెంటు ఉంటారు, ప్రొఫెసర్లు ఉంటారు, పక్క థియేటరులో మరో సర్జను ఉంటారు. ఒకరి పని మరొకరి కంట పడుతూనే ఉంటుంది. రెండు థియేటర్లు, పది పడకలు ఉన్న డే కేర్ కేంద్రంలో పరిస్థితి వేరు. చాలా చోట్ల సర్జను గారే యజమాని. మత్తు డాక్టరు గారు ఫోను చేస్తే వచ్చి పని చూసుకుని వెళ్ళిపోతారు. అక్కడ ఎవరి పనిని ఎవరు చూస్తున్నట్లు?

మా తోడల్లుడు గారి సంగతి చెబుతాను. ఊరు పేరు, ఆసుపత్రి పేరు అనవసరం. ఆయన శుక్లం ఆపరేషనుకు వెళ్ళారు. పరీక్ష చేసినవారు పేరు మోసిన పెద్ద డాక్టరు. ఆపరేషను రోజున ముఖం మీద గుడ్డ కప్పాక వినిపించిన గొంతు మాత్రం వేరే. నాలుగో రోజుకు కన్ను ఎర్రబడి నొప్పి మొదలైంది. పట్నం తీసుకువెళ్ళి ఇంకో ఆసుపత్రిలో రెండో ఆపరేషను చేయించారు. చూపు సగమే మిగిలింది. రెండో ఆసుపత్రి వాళ్ళు మొదట అడిగిన ప్రశ్న, "ఆపరేషను చేసింది ఎవరు? బల్ల మీద ఏమైనా చిక్కు వచ్చిందా?" అని. డిశ్చార్జి కాగితం మీద ఆసుపత్రి ముద్ర, చదవడానికి వీలులేని ఒక గీత ఉన్నాయి. వెనక్కి వెళ్ళి అడిగితే "మా టీము చేసింది" అన్నారు. అలాంటి చిక్కు ఎంతటి నిపుణుల చేతిలోనైనా ఎప్పుడో ఒకసారి రావచ్చు. దానికి నేను ఎవరినీ తప్పు పట్టను. కాని "చేసింది ఎవరు?" అన్న ప్రశ్నకు ఆ ఆసుపత్రి దగ్గర రాతపూర్వకమైన జవాబు లేదే, అది ఆడిటరునైన నాకు మింగుడు పడలేదు.

అక్కడ ఎలా జరుగుతుంది?

మా రెండో అమ్మాయి అమెరికాలో ఫీనిక్స్ నగరంలో ఒక డే కేర్ సర్జరీ కేంద్రం ఆఫీసులో పని చేస్తుంది. ఆమె ఉద్యోగమే డాక్టర్ల ఫైళ్ళు చూడడం. ఆమె దగ్గర ఆరు నెలలు ఉన్నప్పుడు ఈ పద్ధతులు అడిగి తెలుసుకున్నాను. రోగుల సంగతులు ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. నియమాలు మాత్రం చెప్పింది. ఆ నగరానికే ఇందులో ఒక విశిష్టత ఉంది. ఇలాంటి ఆపరేషన్ల కోసమే ప్రత్యేకంగా, ఆసుపత్రితో సంబంధం లేకుండా నడిచే కేంద్రాన్ని వాలెస్ రీడ్, జాన్ ఫోర్డ్ అనే ఇద్దరు మత్తు డాక్టర్లు 1970లో ఫీనిక్స్‌లోనే ప్రారంభించారు. 1982లో అక్కడి వృద్ధుల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్ ఈ కేంద్రాలకు డబ్బు చెల్లించడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ దేశంలో మెడికేర్ గుర్తింపు ఉన్నవే 6 వేలకు పైగా ఉన్నాయి.

ప్రభుత్వం డబ్బు ఇస్తే షరతులు పెడుతుంది కదా. ఆ షరతుల్లో ఒకటి డాక్టర్లకు సంబంధించినది. అందులో మూడు మెట్లు ఉన్నాయి. మొదటిది క్రెడెన్షియలింగ్, అంటే ఈయన చెప్పుకుంటున్న చదువు, అనుభవం నిజమేనా అని నిర్ధారించడం. రెండోది ప్రివిలెజింగ్, అంటే ఈ కేంద్రంలో ఈయన ఏయే పనులు చేయవచ్చో విడివిడిగా అనుమతి ఇవ్వడం. మూడోది పీర్ రివ్యూ, అంటే ఈయన చేసిన పనిని ఇదే విద్య తెలిసిన తోటి డాక్టర్లు పరిశీలించడం. పేర్లు కొత్తగా ఉన్నా ఈ మూడూ మన సర్వీసులో మనకు తెలిసినవే.

మొదటి మెట్టు: కాగితం అసలుదేనా?

మనం ఉద్యోగంలో చేరినప్పుడు ఏం జరిగింది? సర్వీసు రిజిస్టరు తెరిచారు. పుట్టిన తేదీ, చదువు, పుట్టుమచ్చలు రాశారు. సర్టిఫికెట్టు మన చేతిలో ఉన్నా సరే, అసలుదో కాదో తేల్చమని యూనివర్సిటీకి రాసి జవాబు తెప్పించుకున్న సందర్భాలు ఉన్నాయి. అక్కడ డాక్టర్లకు చేసేదీ ఇదే. డాక్టరు గారు తెచ్చి ఇచ్చిన జెరాక్సు కాపీని నమ్మరు. చదివిన కాలేజీ నుంచి, శిక్షణ పొందిన ఆసుపత్రి నుంచి, లైసెన్సు ఇచ్చిన రాష్ట్ర బోర్డు నుంచి నేరుగా నిర్ధారణ తెప్పించుకుంటారు. బీమా పాలసీ అమలులో ఉందో లేదో చూస్తారు. ఆయనతో కలిసి పనిచేసిన తోటి డాక్టర్లను అడుగుతారు.

మా అమ్మాయి చెప్పిన వాటిలో నాకు బాగా నచ్చింది ఖాళీల సంగతి. ఫలానా సంవత్సరం నుంచి ఫలానా సంవత్సరం దాకా ఎక్కడ పనిచేశారో దరఖాస్తులో లేకపోతే ఆ ఖాళీకి సంజాయిషీ రాసి ఇవ్వాలి. మనకు బ్రేక్ ఇన్ సర్వీసు వస్తే పెన్షన్ దగ్గర ఎంత గొడవ అయ్యేదో మీకు తెలుసు. వాళ్ళ భయం మాత్రం డబ్బు గురించి కాదు. ఒక రాష్ట్రంలో లైసెన్సు పోగొట్టుకున్న డాక్టరు ఇంకో రాష్ట్రానికి వెళ్ళి కొత్త బోర్డు పెట్టుకోవడం ఆ దేశంలో పెద్ద సమస్యగా ఉండేది. దాన్ని అరికట్టాలని 1986లో ఒక చట్టం చేశారు. దాని ప్రకారం 1990లో నేషనల్ ప్రాక్టీషనర్ డేటా బ్యాంక్ పని ప్రారంభించింది. ఒక డాక్టరు తరఫున రోగికి నష్టపరిహారం చెల్లించినా, లైసెన్సు మీద చర్య తీసుకున్నా, ఆసుపత్రి ఆయన అనుమతులను 30 రోజులకు మించి ఆపినా అందులో నమోదు కావాలి. ఆసుపత్రులు డాక్టరును చేర్చుకునేటప్పుడు, ఆ తరువాత రెండేళ్ళకొకసారి దాన్ని తప్పనిసరిగా అడిగి చూడాలి. డే కేర్ కేంద్రాలకు అడిగే హక్కు ఉంది, తప్పనిసరి మాత్రం కాదు. మామూలు జనానికి అందులో డాక్టర్ల పేర్లు కనిపించవు. ఇది దాని లోపమని అక్కడ చాలామంది అంటారు.

రెండో మెట్టు: ఈ పని ఈయన చేయవచ్చా?

డిగ్రీ ఉన్నదని తేలింది. అంతటితో అయిపోయిందా? లేదు. ఆఫీసరు అయినంత మాత్రాన ఎంత ఖర్చయినా మంజూరు చేయవచ్చా? డెలిగేషన్ ఆఫ్ పవర్స్ అని ఒక పట్టిక ఉండేది. ఈ హోదా వారు ఇంతవరకు, దాని పైన పై అధికారి. పట్టిక దాటి సంతకం పెడితే మా ఆడిట్ వాళ్ళం ఊరుకునేవాళ్ళం కాదు. ప్రివిలెజింగ్ అంటే సరిగ్గా అలాంటి పట్టికే. ఎముకల డాక్టరు గారు వస్తే "ఎముకల ఆపరేషన్లన్నీ" అని రాసుకోరు. మోకాలి ఆర్త్రోస్కోపీకి అనుమతి, భుజానికి ఇంకా లేదు, ఫలానా కొత్త యంత్రంతో చేయాలంటే ముందు శిక్షణ పత్రం చూపించాలి, ఇలా వరసగా రాస్తారు. కొత్తగా చేరిన వారి మొదటి కొన్ని ఆపరేషన్లను అనుభవజ్ఞులు పక్కన నిలబడి చూస్తారు. మన ప్రొబేషను లాంటిది. రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకసారి మొత్తం ఫైలు మళ్ళీ తెరుస్తారు. ఈ మధ్యలో ఎన్ని చేశారు, ఎలా జరిగాయి, చేయి ఇంకా స్థిరంగా ఉందా అన్నీ చూసి తిరిగి అనుమతిస్తారు. మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చి బతికే ఉన్నామని రుజువు చేసుకుంటున్నాం. డాక్టరు గారు తన నైపుణ్యం బతికే ఉన్నదని రుజువు చేసుకుంటున్నారన్నమాట.

ఈ పట్టిక ఎందుకు అవసరమైందో ఒక కేసు చెబుతుంది. 1960లో అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రంలో 18 ఏళ్ళ కాలేజీ కుర్రాడు ఫుట్‌బాల్ ఆడుతూ కాలు విరగ్గొట్టుకున్నాడు. చార్లెస్టన్ అనే చిన్న ఊరి ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న మామూలు డాక్టరు సిమెంటు కట్టు వేశారు. ఆయన ఎముకల నిపుణుడు కాదు. కట్టు బిగిసింది. కాలి వేళ్ళు వాచి, నల్లబడి, స్పర్శ పోయింది. వార్డులో వాళ్ళు చూస్తూనే ఉన్నారు గాని పై వారికి చెప్పినవారు లేరు, నిపుణుణ్ణి పిలిచినవారూ లేరు. చివరకు మోకాలి కింద కాలు తీసేయవలసి వచ్చింది. "మేం గది, మంచం, నర్సును మాత్రమే ఇస్తాం, వైద్యం డాక్టరు గారి సొంత బాధ్యత" అన్న వాదనతో ఆసుపత్రి తప్పించుకోలేదని 1965లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తన గోడల మధ్య ఎవరు ఏం చేస్తున్నారో చూసుకోవడం ఆసుపత్రి బాధ్యతే అయింది. ఆ తీర్పు తరువాతే అక్కడి ఆసుపత్రులు ఈ పట్టికలను గట్టిగా పట్టుకున్నాయి.

పట్టిక రాసిపెట్టుకుంటే చాలదని చెప్పే కేసు 2014లో జరిగింది. జోన్ రివర్స్ అని అక్కడి టీవీలో చాలా పేరున్న హాస్యనటి, వయసు 81. గొంతు బాగాలేదని న్యూయార్కులో ఒక డే కేర్ ఎండోస్కోపీ కేంద్రానికి వెళ్ళారు. పరీక్ష మధ్యలో ఊపిరి అందక, గుండె ఆగి, వారం తరువాత ఆసుపత్రిలో చనిపోయారు. ప్రభుత్వ తనిఖీ బృందం నివేదికలో ఏముందంటే, ఆ కేంద్రంలో అనుమతి లేని ఒక గొంతు డాక్టరు అక్కడ పరీక్ష చేశారు. మత్తు ఇచ్చే ముందు రోగి బరువు నమోదు చేయలేదు. చేసిన ప్రతి పనికీ రోగి సమ్మతి తీసుకోలేదు. ఆ డాక్టరుకు డిగ్రీ లేక కాదు. బయట ఆమె పేరున్న నిపుణురాలే. కాని ఈ కేంద్రం ఆమె కాగితాలు చూడలేదు, అనుమతి ఇవ్వలేదు. మొహమాటానికి లోపలికి రానిచ్చారు. డబ్బూ పేరూ ఉన్న మనిషికే అంత పెద్ద నగరంలో అలా జరిగింది.

మూడో మెట్టు: తోటివారి సమీక్ష

మొదటి రెండు మెట్లూ గుమాస్తా పని, నియమాల పని. శ్రద్ధ ఉంటే చేయవచ్చు. మూడోది మనసుకు సంబంధించిన పని. తోటి డాక్టరు పనిలో లోపం ఉందని కాగితం మీద రాయడం ఎవరికి ఇష్టం? రేపు ఆయనే నాకు రోగిని పంపాలి, ఎల్లుండి నా పనిని ఆయనే చూడాలి. మా ఆడిట్‌లో కూడా మన జిల్లా వాడే, మన బ్యాచి వాడే అయితే పేరా రాయడానికి కలం కదిలేది కాదు.

దీన్ని మొదట తలకెత్తుకున్నవాడు బోస్టన్ నగరానికి చెందిన ఎర్నెస్ట్ కాడ్‌మన్ అనే సర్జను. ఆపరేషను అయిన ప్రతి రోగినీ ఏడాది తరువాత మళ్ళీ పిలిచి, నయమైందా, కాకపోతే ఎందుకు కాలేదు అని రాసుకోవాలన్నది ఆయన వాదన. తాను పనిచేసే పెద్ద ఆసుపత్రి వాళ్ళకు ఇది రుచించలేదు. ఆయన సొంతంగా ఒక చిన్న ఆసుపత్రి పెట్టారు. 1911 నుంచి 1916 వరకు అక్కడి నుంచి వెళ్ళిన 337 మంది రోగుల లెక్క రాసి, అందులో జరిగిన 123 పొరపాట్లను తానే అచ్చు వేయించారు. 1915లో ఒక డాక్టర్ల సభలో, బంగారు గుడ్లు పెట్టే నిప్పుకోడి బొమ్మ చూపించి, రోగుల ఫలితాలు లెక్క వేయడానికి డాక్టర్లు ఎందుకు వెనకాడుతున్నారో ఎత్తిపొడిచారు. సభ గగ్గోలెత్తింది. ఆయన ఆ సంఘం అధ్యక్ష పదవి వదులుకోవలసి వచ్చింది.

అయినా ఆయన మాట వృథా కాలేదు. 1913లో ఏర్పడిన అమెరికన్ సర్జన్ల కాలేజీ, 1918లో 100 పడకలు దాటిన 692 ఆసుపత్రులను తనిఖీ చేయించింది. కనీస ప్రమాణాలు అందుకున్నవి 89 మాత్రమే. 1919లో న్యూయార్కులో ఒక హోటల్లో సమావేశమైన పెద్దలు ఆ జాబితా పత్రికలకు పొక్కుతుందని భయపడి హోటలు కొలిమిలో కాల్చేశారు! పెద్ద పెద్ద ఆసుపత్రుల పేర్లు అందులో ఉన్నాయట మరి. కాని పని ఆపలేదు. ఆ ప్రయత్నమే ముందుకు సాగి 1951లో జాయింట్ కమిషన్ అనే గుర్తింపు సంస్థ అయింది. ఆసుపత్రి కాని కేంద్రాల కోసం 1979లో మరో గుర్తింపు సంస్థ వచ్చింది.

ఇందులో రెండో వైపు కూడా చెప్పకపోతే అన్యాయం చేసినవాణ్ణవుతాను. తోటివారి సమీక్షను కక్ష తీర్చుకోవడానికి కూడా వాడవచ్చు. ఒరెగన్ రాష్ట్రంలో ఆస్టోరియా అనే చిన్న ఊళ్ళో ప్యాట్రిక్ అనే సర్జను, అక్కడి పెద్ద క్లినిక్కులో భాగస్వామిగా చేరనని సొంత ప్రాక్టీసు పెట్టుకున్నాడు. ఆ క్లినిక్కు డాక్టర్లే ఆసుపత్రి సమీక్ష సంఘంలో ఉన్నారు. 1981లో ఆయన అనుమతులు రద్దు చేసే పని మొదలుపెట్టారు. ఆయన కోర్టుకు వెళ్ళాడు. అది రోగుల మేలు కోసం చేసిన సమీక్ష కాదు, పోటీదారును వెళ్ళగొట్టడానికి చేసిన ఎత్తు అని జ్యూరీ తేల్చింది. 1988లో అమెరికా సుప్రీంకోర్టు కూడా ఆయన పక్షానే తీర్పు ఇచ్చింది. పైన చెప్పిన 1986 చట్టం ఈ రెండు వైపులనూ దృష్టిలో పెట్టుకుంది. రోగుల మేలు కోరి నిజాయితీగా సమీక్ష చేసినవారిమీద నష్టపరిహారపు దావాలు నిలవవు. అయితే ఆరోపణ ముందుగా తెలియజేయాలి, సంజాయిషీకి గడువు ఇవ్వాలి, పోటీదారు కాని వారి ముందు విచారణ జరపాలి. మన సి.సి.ఎ. రూల్సు గుర్తుకు వస్తున్నాయి కదూ? ఛార్జిమెమో, సంజాయిషీ, విచారణాధికారి. ఆ వరుస తప్పితే ఎంత నిజమైన ఆరోపణ అయినా ట్రిబ్యునల్లో కొట్టుకుపోయేది.

ఇక డే కేర్ కేంద్రంలో ఈ సమీక్ష ఎలా చేస్తారంటే, ప్రతి డాక్టరు కేసులలో కొన్నింటిని యాదృచ్ఛికంగా తీసి మరొకరు చదువుతారు. కొన్ని సంఘటనలు జరిగితే మాత్రం తప్పకుండా ఫైలు బయటకు వస్తుంది. రోగిని అక్కడి నుంచి పెద్ద ఆసుపత్రికి తరలించవలసి రావడం, కుడికి బదులు ఎడమ వైపు చేయడం, కాలిన గాయం, కిందపడడం, తరువాత చీము పట్టడం. కేంద్రంలో ఒకే ఒక్క కంటి డాక్టరు ఉంటే ఆయన పనిని ఎముకల డాక్టరు సమీక్షించడం కుదరదు కదా. అప్పుడు రోగి పేరు తీసేసి ఫైలును బయటి కంటి డాక్టరుకు పంపుతారు. యజమానే సర్జను అయిన చోట ఇది మరీ ముఖ్యం. ఆయనకు ఆయనే అనుమతి ఇచ్చుకుని, ఆయన పనిని ఆయనే మెచ్చుకుంటే, అది క్యాషియరే క్యాష్‌బుక్కు ఆడిట్ చేసుకున్నట్లు ఉంటుంది. నా అభిప్రాయంలో ఒక డే కేర్ కేంద్రం మంచిదో కాదో తేల్చే గీటురాయి ఇదే. గోడలకు పాలరాయి ఉందా అని కాదు, యజమాని గారి ఫైలును బయటివారు ఎవరైనా చదువుతున్నారా అని చూడాలి.

మన దగ్గర ఏముంది?

మన దేశంలో ఏమీ లేదని నేను అనను. మొదటి మెట్టుకు దారి ఉంది. ప్రతి డాక్టరూ రాష్ట్ర మెడికల్ కౌన్సిలులో నమోదు కావాలి. జాతీయ వైద్య కమిషన్ వారి రిజిస్టరులో పేరు గాని నంబరు గాని కొట్టి చూసుకునే వీలు ఉంది. 2002 నాటి వైద్య వృత్తి ప్రవర్తన నియమావళి ప్రకారం డాక్టరు గారు తన రిజిస్ట్రేషను నంబరును క్లినిక్కులో ప్రదర్శించాలి, మందుల చీటీ మీద, రశీదు మీద వేయాలి. ఆసుపత్రిలో చేరినవారి వైద్య రికార్డులు మూడేళ్ళు భద్రపరచాలి. రోగి అడిగితే 72 గంటల లోపు ఇవ్వాలి. ఈ చివరి మాట దయచేసి గుర్తు పెట్టుకోండి.

ఆసుపత్రుల నమోదుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో చట్టం వచ్చింది. కేంద్రం 2010లో క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం చేసింది. అయితే ఈ నమోదు భవనానికి, సంస్థకు. అందులో ఏ చేయి ఏ ఆపరేషను చేయవచ్చో అది చెప్పదు. ఆ పని, అంటే రెండో మెట్టు, మూడో మెట్టు, 2005లో ఏర్పడిన ఎన్.ఎ.బి.హెచ్. అనే గుర్తింపు సంస్థ ప్రమాణాలలో ఉన్నాయి. ఆ గుర్తింపు పొందిన ఆసుపత్రి ప్రతి డాక్టరు అర్హతలూ పరిశీలించి, ఏయే చికిత్సలు చేయవచ్చో రాసి ఉంచాలి. కాని ఆ గుర్తింపు కోరుకున్నవారికే గాని అందరికీ తప్పనిసరి కాదు.

కోర్టులు కూడా కొంత దారి చూపించాయి. హోమియోపతిలో నమోదైన ఒక డాక్టరు అల్లోపతి మందులు ఇవ్వగా రోగి మరణించిన కేసులో, తనకు అర్హత లేని వైద్యం చేయడమే నిర్లక్ష్యమని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. పరీక్ష కోసం మత్తు ఇచ్చి, ఆ మత్తులోనే ఆపరేషను కూడా చేసిన కేసులో, పరీక్షకు ఇచ్చిన సమ్మతి ఆపరేషనుకు పనికిరాదని 2008లో చెప్పింది.

పద్ధతిగా చేసేవారు మన దక్షిణ దేశంలోనే ఉన్నారు. డాక్టర్ జి. వెంకటస్వామి గారు 1976లో మధురైలో 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రిలో, ఏ సర్జను చేతిలో ఎన్ని చిక్కులు వచ్చాయో లెక్క రాసుకుని చర్చించుకుంటారు. లక్షల సంఖ్యలో, తక్కువ ఖర్చుతో ఆపరేషన్లు చేసేవారికే ఇది సాధ్యమైనప్పుడు, రోజుకు నాలుగు చేసేవారికి సాధ్యం కాదనడం ఒప్పుకోదగ్గ మాట కాదు.

మనం చేయదగినవి

ఆపరేషను నిశ్చయమైనప్పుడు మర్యాదగా, కూర్చుని, అయిదు ప్రశ్నలు అడగండి. మీరు అడగలేకపోతే మీ అబ్బాయినో కోడలినో అడగమనండి.

ఒకటి, నన్ను కోసేది మీరేనా, మరొకరా? వారి పేరు, రిజిస్ట్రేషను నంబరు ఏమిటి? రెండు, మత్తు ఇచ్చేది ఎవరు? ఆపరేషను పూర్తయ్యేదాకా వారు పక్కనే ఉంటారా? మూడు, ఈ ఆపరేషను ఇక్కడ ఆయన ఎన్నాళ్ళుగా చేస్తున్నారు, ఏడాదికి సుమారుగా ఎన్ని? నాలుగు, బల్ల మీద ఏదైనా తేడా వస్తే నన్ను ఏ పెద్ద ఆసుపత్రికి తీసుకువెళతారు? అయిదు, చిక్కు వచ్చిన కేసులను మీ దగ్గర ఎవరు పరిశీలిస్తారు?

ఇలా అడిగితే డాక్టరు గారికి కోపం వస్తుందేమోనని మన భయం. మంచి డాక్టరుకు కోపం రాదు. మన ఫైలు సరిగ్గా ఉన్నప్పుడు ఆడిట్ పార్టీ వస్తే మనకు కోపం వచ్చేదా? కాఫీ తెప్పించి రిజిస్టర్లు ముందు పెట్టేవాళ్ళం. నాలుగో ప్రశ్నకు తడుముకుంటే మాత్రం ఆ రోజుకు ఇంటికి వచ్చేసి ఆలోచించుకోండి. శుక్లం ఆపరేషను ఒక వారం ఆగినంత మాత్రాన సాధారణంగా కొంప మునగదు. మీ తరఫున కూడా ఒక బాధ్యత ఉంది. బి.పి., షుగరు, రక్తం పలచబడడానికి వేసుకునే మాత్రలు, వీటిలో ఏదీ దాచకండి. చీటీలన్నీ తీసుకువెళ్ళండి. ఇంటికి వచ్చేటప్పుడు ఆపరేషను చేసినవారి పేరు, మత్తు ఇచ్చినవారి పేరు స్పష్టంగా రాసి ఉన్న డిశ్చార్జి కాగితం తీసుకోండి.

సంఘానికి ఒక విన్నపం. మన సభ్యులు వెళ్ళే ఆసుపత్రులకు, కేంద్రాలకు సంఘం లెటర్‌హెడ్డు మీద ఒక ఉత్తరం రాద్దాం. డిశ్చార్జి కాగితం మీద సర్జను, మత్తు డాక్టరుల పేర్లు, నంబర్లు అచ్చుగా ఉండాలని, బయటి డాక్టరు చేత ఏడాదికి కొన్ని కేసులైనా సమీక్ష చేయించాలని కోరదాం. జవాబు ఇచ్చినవారి పేర్లు మన పత్రికలో ప్రకటిద్దాం. జవాబు ఇవ్వనివారి గురించి ఏమీ రాయవద్దు. సభ్యులు వాళ్ళంతట వాళ్ళే అర్థం చేసుకుంటారు. ఈ మేరకు కార్యవర్గం తీర్మానం చేయాలని అధ్యక్షుల వారిని కోరుతున్నాను. ఉత్తరం చిత్తుప్రతి రాసి తెచ్చాను, కార్యదర్శి గారికి అందజేస్తాను.

మా తోడల్లుడు గారికి రెండో కన్ను ఆపరేషను వచ్చే నెలలో ఉంది. ఈసారి ఈ అయిదు ప్రశ్నలూ కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నారు. ఇప్పటికి రెండు ఆసుపత్రులకు వెళ్ళి అడిగారు. ఒక చోట నవ్వి పంపించారు. రెండో చోట ఒక యువ డాక్టరమ్మ కుర్చీ వేసి కూర్చోబెట్టి అయిదింటికీ జవాబు చెప్పిందట. ఆవిడ దగ్గరే చేయించుకోవాలని ఆయన నిర్ణయం.